అర నిమిషం వెనక పెళ్లి

ఏప్రిల్ 21, 2015. ప్రొద్దుటూరు

దువ్వూరు పెళ్లి ముగించుకుని ఇప్పుడే వచ్చాను. లైవ్ ఎక్కడా తెగలేదు. మండపంలో తాళి పడిన క్షణానికి కంప్యూటర్ తెర మీద కూడా పడింది. రెప్పపాటు తేడా, అంతే. నాలుగేళ్ల క్రితం లైవ్ వీడియో ఆడించే ఈ ఫ్లాష్ ప్లేయర్ నేను తయారుచేసినప్పుడు పెళ్లిని ఇంటర్నెట్‌లో చూపించేవాడు మా చుట్టుపక్కల ఇంకొకడు లేడు. మనవైపు నుంచి కువైట్‌కు పోయి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా ఉన్నవాళ్లు ఎంతమంది! అక్కడ ఏదో నెట్ సెంటర్లో గుంపుగా చేరి చెల్లెలి పెళ్లో, తమ్ముడి పెళ్లో చూసి ఏడ్చేవాళ్లు. తర్వాత నాకు ఫోన్ చేసి ఇంకోసారి ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపు నాకు అలవాటైపోయింది. వినకపోతే పెళ్లి సరిగా జరగనట్టు ఉంటుంది.

ఈ రోజు ఎవరూ ఫోన్ చేయలేదు. చూసినవాళ్లు ఐదుగురని సైటు చెప్పింది. అందులో ఒకటి నా లాప్‌టాప్. ఒకటి జమ్మలమడుగులో సలాం స్టూడియో కంప్యూటర్. ఒకటి ఇంట్లో నా భార్య వైదేహి తెరిచి పెట్టింది. ఎండలు కదా, జనం బయటికి రారు.

నాతో కెమెరా పనికి వచ్చే అబ్దుల్ సలాం వైర్లు చుడుతూ, "కువైట్లో జనం పెండ్లి సూసేకి బయటికి రావల్లనా సామీ? అందరి చేతిలో ఫోన్లుండాయి గదా" అన్నాడు.

వాడి నోరు మంచిది కాదు.

ఏప్రిల్ 22

ఫోన్లో పెళ్లి చూడడమేమిటి, నా మొహం.

ఏప్రిల్ 24

నాన్న పంపాడని ఒకాయన నా షాపుకు వచ్చాడు. పేరు పుల్లన్న. కొండాపురం దగ్గర వాళ్ల ఊరు గండికోట రిజర్వాయరు కింద మునిగిపోతే పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకున్నాడట. గొర్రెలున్నాయి, కొంచెం సేద్యం కూడా ఉంది. ఈ ఎండలో భుజం మీద కంబళి ఏమిటని అడిగాను. "లేకపోతే భుజం బోసిగా ఉంటాది సామీ" అన్నాడు.

ఆయన కూతురు శోభ పెళ్లి మే ఎనిమిదిన, జమ్మలమడుగులో. పెళ్లికొడుకు రాఘవేంద్రది పులివెందుల. పౌరోహిత్యం మా నాన్నదే.

"మా ఆడమనిషి నాగవేణి కువైట్లో ఉండాది సామీ. ఆమె పనిజేసే ఇంట్లో ముసలామె మంచాన పడిందంట. సెలవు లేదన్నారు. బిడ్డ పెండ్లి ఆమె సూడల్ల. ఎట్లన్నా సూడల్ల."

"దానికేం, చూస్తుంది. లింకు ఇస్తాను, కంప్యూటర్లో తెరవమను."

"కంప్యూటరు యాడుంది సామీ? ఫోనుండాది."

"వాళ్ల ఇంట్లో కంప్యూటర్ లేదా?"

"లేకేం! తుడిసేకి ఇడుస్తారు. దాని ముందర కూసునేకి ఇడుస్తారా?"

ఇంతలో ఆయన జేబులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఎవరని అడగకముందే ముసిముసిగా నవ్వాడు. "ఆమేలే సామీ. ఒక్క రింగిస్తే అన్నం తిన్న్యానని. రెండిస్తే తిరిగి చెయ్యమని. మాకు అదే ఉత్తరం, అదే తంతి."

"సరే, చూద్దాం" అన్నాను. ఆయన దాన్ని సరే అనుకుని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 25

వైదేహికి చెప్పకుండా ఉండాల్సింది. విన్న వెంటనే తన ఫోన్ తీసి మా సైటు తెరిచింది. బూడిదరంగు డబ్బా. దాని మధ్యలో ఏదో ప్లగిన్ కావాలని ఇంగ్లీషులో ఒక ముక్క. ఫోన్ తెచ్చి నా ముక్కుకు ఆనించినంత పని చేసింది.

"ఇదేనా శోభ పెండ్లి?"

అప్పుడు నేను ఓపికగా చెప్పాను. ఫ్లాష్ ఫోన్లలో ఆడదు, ఫోన్లలో ఆడే పద్ధతి ఇంకొకటి ఉంది, హెచ్‌టీఎంఎల్ ఫైవ్ అంటారు, సినిమాలకూ పాటలకూ అది పనికొస్తుంది, లైవ్‌కు పనికిరాదు. అందులో అంతా ఆలస్యం. పెద్ద పెద్ద సైట్లు ఫ్లాష్ వదిలేసి దాని వెంట పడుతున్నాయంటే వాళ్లకు ముహూర్తంతో పని లేదు. మనకుంది. ఫోన్లవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఫ్లాష్‌కు రాక తప్పదు.

అంతా విని, "బడిలో నా పిల్లకాయలూ అంతే. వచ్చిన లెక్క గురించి బాగా చెప్తారు, రాని లెక్క గురించి ఇంకా బాగా చెప్తారు" అంది. పోతూ పోతూ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే సామెత కూడా గుర్తుచేసి పోయింది.

కోపం వచ్చి అన్నం వద్దన్నాను. గోంగూర వాసన తగిలాక లేచాను.

ఏప్రిల్ 27

ఊరికే చూద్దామని కూర్చున్నాను. ఊరికే.

సిగ్గుచేటైన సంగతి ఏమిటంటే, మధ్యాహ్నానికల్లా అయిపోయింది. వైదేహి ఫోన్లో నా షాపు, నా కుర్చీ, నేను. స్పష్టంగా, తెగకుండా. ఏ ప్లగినూ అడగలేదు. ఇన్నాళ్లూ ఏదో కొండ అనుకున్నాను.

అయితే నేను చెప్పిన మాట నిజమే. ఫ్లాష్‌లో వీడియో కాలువలో నీళ్లలా వచ్చేస్తుంది. ఇదేమో వీడియోను ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది. రెండు మూడు ముక్కలు తన దగ్గర పోగుపడితే తప్ప ఫోన్ ఆట మొదలుపెట్టదు. అందుకని ఫోన్లోది అర నిమిషం వెనక నడుస్తుంది. కెమెరా ముందు చెయ్యెత్తాను. లాప్‌టాప్‌లో వెంటనే ఎత్తాను. ఫోన్లో నా చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది. లేచి కూజాలో నీళ్లు తాగి వచ్చి చూస్తే, ఫోన్లో నేను అప్పుడు చెయ్యెత్తాను. ఎదురుగా కుర్చీ ఖాళీ, ఫోన్లో మాత్రం నేను కూర్చునే ఉన్నాను. చూస్తే ఎందుకో దిగులేసింది.

ఏప్రిల్ 28

ముక్కలు చిన్నవి చేసి చూశాను. ఆలస్యం తగ్గింది. కానీ సిగ్నల్ కాస్త సన్నబడితే చాలు, తెర మీద చక్రం తిరగడం మొదలు. ముక్కలు పెద్దవి చేస్తే చక్రం పోతుంది, అర నిమిషం తిరిగి వస్తుంది.

వెంటనే వచ్చి మధ్యలో ఆగిపోయే పెళ్లా, ఆలస్యంగా వచ్చినా ఆగని పెళ్లా. ఇంతే సంగతి. రోజంతా అటూ ఇటూ మార్చి మార్చి చూశాను.

ఏప్రిల్ 30

పులివెందులలో వేరేవాళ్ల పెళ్లిలో దాన్ని నడిపి చూశాను. నా బుద్ధి గడ్డి తిని.

పెళ్లికూతురి మేనమామ కువైట్‌లో. ఫోన్లో పెళ్లి చూస్తున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకో ఫోన్లో ఇక్కడున్న తమ్ముడికి కాల్ చేసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాల్‌లో మాట వెంటనే పోతుంది, వీడియో అర నిమిషం వెనక పోతుంది. ఇక్కడ గట్టిమేళం మోగింది. ఆయన చెవిలోనూ మోగింది. ఆయన తెర మీద మాత్రం పెళ్లికొడుకు తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

తమ్ముడు పరుగున వచ్చి ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల మేనమామ అరుస్తున్నాడు. "ఏం లైవప్పా నీది? ఆడ మేళం మోగతాంది, ఈడ పిల్లోడు ఇంగా ముక్కు గీక్కుంటాండాడు! పాత క్యాసెట్టేమన్నా ఏస్తాండావా ఏంది? అచ్చింతలు చేతిలో పట్టుకోని ఎర్రిమొగమేసుకోని కూసోనుండా ఈడ!"

సలాం కెమెరా వెనక భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. ఆ నవ్వుకు కెమెరా కదిలింది కూడా.

ఒక రకంగా మంచిదే అయింది. నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను. ఫ్లాషే. ఇంక మారేది లేదు.

మే 1

నాన్న నా పక్షం మాట్లాడతాడని గట్టి నమ్మకం. యాభై ఏళ్లుగా పౌరోహిత్యం చేస్తున్న మనిషి. కెమెరా సరిగా లేదని, ఒక్క నిమిషం ఆగమని నేను బతిమాలినా ముహూర్తం ఆపని మనిషి. సాయంత్రం వరండాలో విసనకర్రతో కూర్చుని ఉంటే పోయి అడిగాను.

"నాన్నా, తాళి కట్టిన అర నిమిషానికి అక్షతలు వేస్తే చెల్లుతాయా?"

"ఎవరు వేసేది?"

"కువైట్ నుంచి తల్లి వేస్తుంది. ఫోన్లో చూసి, ఫోన్ మీదే వేస్తుంది. వీళ్లందరూ అంతే. పళ్లెంలో ఫోన్ నిలబెట్టుకుని, బియ్యం పసుపు కలుపుకుని, మేళం మోగగానే తెర మీద వేస్తారు. ఇప్పుడు ఆమెకు అన్నీ అర నిమిషం వెనక కనబడతాయి."

నాన్న విసరడం ఆపాడు. "బస్సు తప్పిపోయి, భోజనాలు అయినాక వచ్చిన మేనత్త ఏం చేస్తాదిరా? అక్షతలు వెయ్యకుండా పోతాదా? ముహూర్తం తాళికిరా విశ్వా. దీవెనకు ఎవరు పెట్టినారు ముహూర్తం?"

మే 2

నాన్నకు కంప్యూటర్ల సంగతి తెలియదు.

మే 3

నాగవేణి ఫోన్ చేసింది. మాటలు మెల్లగా ఉన్నాయి. పక్కన ఎవరో నిద్రపోతున్నారేమో.

"సామీ, పుల్లన్న భార్యను మాట్లాడ్తాండా. పెండ్లినాడు ఒక గంట ఇడిసిపెట్టమని మా ఇంటామెను అడిగినా. సరే అనింది. మిద్దెమీద బట్టలారేసే కాడ నెట్టు బాగొస్తాది, ఆడ కూసుంటా. బియ్యానికి పసుపు కలిపి పెట్టుకున్న్యా."

"మంచిదమ్మా."

"ఒక్క మాట సామీ. పులివెందులోళ్ల పెండ్లిలో ముందూ ఎనకా అయిందంట గదా. ఈడంతా చెప్పుకుంటాండారు. తాళి పడేటప్పుడు ఏయల్ల గదా అచ్చింతలు? ముందేసినా దోసమే, ఎనకేసినా దోసమే అంటారు. నాకు ఆ టయానికే అగపడ్తాదా? నాలుగేండ్లాయ బిడ్డను సూసి. పట్టీలు పెట్టుకోని తిరిగే పిల్లను ఇడిసిపెట్టి వచ్చినట్లుంటాది నాకు. ఆ ఒక్కటీ సరిగా జరిగితే సాలు సామీ."

"లైవ్ అంటే లైవేనమ్మా. ఏం భయం లేదు" అన్నాను.

అబద్ధం కాదు. కంప్యూటర్లో చూస్తే నిజంగానే వెంటనే కనబడుతుంది.

మే 4

ఉక్క. పని లేదు. ఆమె అడిగిన మాటకు నేను చెప్పింది అబద్ధం కాదు.

మే 5

అబద్ధమే.

పొద్దున లేచి జమ్మలమడుగు బస్సెక్కాను. కల్యాణ మండపంలో నెట్ చూసుకోవాలని వైదేహితో చెప్పాను. నెట్ చూడడానికి ఎంతసేపు పడుతుంది? తర్వాత సలాం బండి మీద కొండాపురం దగ్గర కాలనీకి పోయాం.

పుల్లన్న గొర్రెలతో పోయాడు. ఆయన తల్లి సంజీవమ్మ వాకిట్లో కూర్చుని గొర్రె ఉన్ని వడుకుతూ ఉంది. పెళ్లి కంకణానికట. వాళ్లలో ఆ దారం ఇంట్లో గొర్రెల ఉన్నితోనే కావాలి, ఇంట్లో ఆడవాళ్లే వడకాలి. "కోడలు వడకల్లప్పా ఇది. ఆమె లేదు గదా, నా చేతికొచ్చింది. కండ్లు సరిగా అగపడక దారం లావొస్తాంది" అంది. నిజంగానే లావుగా, అక్కడక్కడా ముడులతో ఉంది.

శోభ మజ్జిగ తెచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. సూటిగా చూస్తుంది. దాపరికం లేకుండా అంతా చెప్పేశాను. కంప్యూటర్‌దైతే వెంటనే కనబడుతుందనీ, మీ అమ్మకు అది తెరుచుకోదనీ, ఫోన్లోదైతే అర నిమిషం వెనకనీ, ఆమెతో నేను వేరేగా చెప్పాననీ.

"అర నిమిషమేనా సార్?"

"అర నిమిషమే. కానీ మీ అమ్మ ముందూ వెనకా అవుతుందని భయపడుతోంది."

"వీడియో కాల్ పెడితే?"

సలాం అందుకున్నాడు. "మండపంలో సిగ్నలు సూసినాం గదా పాపా. రెండు మాటలు వస్తాయి, మూడో మాటకు బొమ్మ నిలబడిపోతాది. తాళికాడ నిలబడిపోయిందనుకో, మీయమ్మ గుండె నిలబడిపోతాది."

శోభ గ్లాసులు అందుకుంటూ అంది: "ఫోన్లోదే పెట్టండి సార్. అమ్మతో నేను మాట్లాడతా. కాల్ చెవి దగ్గర పెట్టుకోవద్దని గూడా చెప్తా."

తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తిరుగు ప్రయాణంలో సలాం బండి ఆపి నాకు సోడా ఇప్పించాడు. వాడు డబ్బు తీశాడంటే నేను ఎంత చిన్నబోయి ఉన్నానో.

మే 6

సైటులో రెండూ పెట్టాను. పైన ఫ్లాష్. అడుగున "ఫోన్ల కోసం" అని ఒక లింకు.

వైదేహి చూసి, "చీమలు బారు కట్టినట్టుంది, ఏమి రాసినారు అక్కడ?" అని అడిగింది.

మే 7

అక్షరాలు కొంచెం పెద్దవి చేశాను.

మే 8. జమ్మలమడుగు, సలాం స్టూడియో

ఇంటికి పోకుండా ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

ముహూర్తం పది దాటిన తర్వాత. కువైట్‌లో అప్పుడు ఎనిమిది కూడా కాదు, మిద్దె మీద ఎండ మరీ ముదరదు. తొమ్మిదికే రెండూ మొదలుపెట్టాను. నా ముందు లాప్‌టాప్‌లో ఫ్లాష్, పక్కన వైదేహి ఫోన్లో రెండోది. ఫోన్ లింకు తెరిచినవాళ్ల లెక్క చూసి, తప్పేమోనని రెండుసార్లు చూశాను. నూటికి పైగా. నాగవేణితో పనిచేసేవాళ్లు, పుల్లన్న పాత ఊరివాళ్లు, రాఘవేంద్ర దోస్తులు. పైన ఉన్న ఫ్లాష్ తెరిచినది ఒక్కరు. ఆ ఒక్కరూ నేనే.

జీలకర్ర బెల్లం అయింది. శోభ చేతికి సంజీవమ్మ వడికిన కంకణం, లావుగా, ముడులతో. సంజీవమ్మ మనవరాలి వెనకే కూర్చుంది. రొండిన ఫోన్ దోపుకుని, దాని మీద చెయ్యి వేసి పట్టుకుంది. ఎవరైనా లాక్కుంటారా అన్నట్టు. ఈ ముసలామె కాల్ పెట్టి ఉంచిందా? పులివెందుల కథ మళ్లీ జరుగుతుందా? సైగ చేశాను. ఆమె నన్ను చూడలేదు.

నాన్న చెయ్యెత్తాడు. గట్టిమేళం. రాఘవేంద్ర తాళి అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడు లాప్‌టాప్‌లో బొమ్మ నిలబడిపోయింది. మండపంలో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఫోన్లెత్తి ఫొటోలు పంపడం మొదలుపెట్టినట్టున్నారు, సిగ్నల్ దారంలా సన్నబడింది. నాలుగేళ్లుగా నేను ఊరంతా చెప్పుకున్న ఆ క్షణం, నా ప్లేయర్లో, తాళి గాల్లోనే ఉండిపోయింది. పక్కన ఫోన్ చూశాను. అర నిమిషం వెనక, తన దగ్గర పోగుచేసుకున్న ముక్కలతో, ఏమీ ఎరగనట్టు నడుస్తూ ఉంది. అందులో రాఘవేంద్ర ఇంకా తాళి అందుకోలేదు.

ఇక్కడ తాళి పడింది. అక్షతలు వాన కురిసినట్టు కురిశాయి. శోభ తల వంచుకుని ఉంది. అందరూ వేయడం అయిపోయింది. ఇంక తల ఎత్తాలి.

ఎత్తలేదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత రాఘవేంద్ర పక్కకు చూశాడు. అతని తల్లి, "ఏంది పాపా, కండ్లలో బియ్యం పడ్న్యాయా?" అని వంగింది. శోభ తల అడ్డంగా ఊపింది, ఎత్తలేదు. మేళంవాళ్లు సన్నాయి దించబోయారు. నాన్న వాళ్ల వైపు కళ్లెర్రజేసి చెయ్యి తిప్పాడు, కానివ్వండి అని. తను ఆశీర్వచనం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. యాభై ఏళ్లలో నాన్న ఒక మంత్రం రెండుసార్లు చదవడం నేను చూడలేదు.

సలాం కెమెరా తిప్పకుండా ఆ పిల్ల మీదే ఉంచాడు. నేను ఫోన్ చూశాను. ఫోన్లో ఇప్పుడు తాళి పడుతోంది. అంటే మిద్దె మీద నాగవేణికీ ఇప్పుడే పడుతోంది. అంటే ఇప్పుడే ఆమె.

సంజీవమ్మ రొండిన ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

సంజీవమ్మ ముందుకు వంగి మనవరాలి వీపు మీద చెయ్యి వేసి, "ఏసిందమ్మీ మీయమ్మ. ఎత్తు" అంది.

శోభ తల ఎత్తింది. పాపిట్లోంచి బియ్యం రాలాయి. ఏడవడం లేదు, నవ్వుతోంది. ఏడ్చింది నేను. ఎవరూ చూడలేదనుకుంటాను. సలాం చూశాడు, తన తువ్వాలు అందించాడు.

మే 9

నాన్నను అడిగాను. ఆ పిల్ల ముందుగానే వచ్చి అడిగిందట, తాళి పడినాక కాసేపు తల ఎత్తకుండా ఉంటే తప్పా అని. తప్పేమీ లేదమ్మా, నేను చూసుకుంటానని చెప్పాడట.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా?"

"నువ్వు కంప్యూటర్ల మనిషివి. ఇది పెండ్లి సంగతి గదరా" అన్నాడు. వంటింట్లో వైదేహి గిన్నె జారవిడిచినట్టు చప్పుడు చేసింది, నవ్వు వినబడకుండా.

సాయంత్రం నాగవేణి ఫోన్ చేసింది. మొన్నటిలా మెల్లగా కాదు, గట్టిగా మాట్లాడింది.

నేనే ముందు అన్నాను. "అమ్మా, నేను ఆ రోజు చెప్పింది అబద్ధం. నీకు అర నిమిషం ఆలస్యంగా కనబడింది. క్షమించాలి."

"తెలుసు సామీ, పాప చెప్పింది. ఒక్క రింగియ్యమ్మా, అంతవరకు కూసోనుంటా అనింది. నేను నమ్మలా. పెండ్లి పీటల మింద ఎవురు ఆగనిస్తారు, పిల్ల మాటకేమొచ్చెలే అనుకున్న్యా. తాళి పడింది సూసినా, అచ్చింతలేసినా, రింగిచ్చినా. ఇంగ అయిపాయలే అని కండ్లు తుడుసుకోని మళ్లా సూస్తే పాప ఇంగా తల ఒంచుకోనే ఉండాది సామీ. అందురూ ఏసేది అయిపోయినా ఎత్తలే. వాళ్లత్త వొంగి అడిగినా ఎత్తలే. నేను ఏసేసినా గదా, ఇంగెవురి కోసరం అని మొదట తెలీలే నాకు. తర్వాత మా అత్త రొండిన ఫోను మోగింది. నేనిచ్చిన రింగే! అది మోగినాకనే ఎత్తింది."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నా బిడ్డ నా కోసరం కూసోనుండేది మొత్తం సూసినా సామీ. టయానికే అగపడి ఉంటే, ఏసిన్యాక అయిపోయి ఉండు. అది సూసేదాన్ని కాదు గదా."

ఫోన్ పెట్టేశాక షాపులో చాలాసేపు కూర్చుండిపోయాను. రెప్పపాటు, రెప్పపాటు అని నాలుగేళ్లు ఊదరగొట్టాను. రెప్పపాటులో చూపించి ఉంటే ఆ తల్లికి తాళి కనబడేది, అక్షతలు పడేవి, అంతటితో సరి. తన కోసం కూతురు ఎదురుచూడడం ఆమెకు ఎప్పటికీ కనబడేది కాదు.

మే 10

సైటులోంచి ఫ్లాష్ తీసేశాను. బాధగానే ఉంది. బాధ లేదని రాయను. ఎంత కష్టపడి చేసుకున్నదో నాకే తెలుసు. వైదేహి కారం దోశ తెప్పించింది.

"పెళ్లి మీ దగ్గరికి అర నిమిషం వెనక వస్తుంది. ఫోన్ కాల్ చెవి దగ్గర పెట్టుకోవద్దు" అని మొదటి పేజీలో పైనే రాశాను. చీమల అక్షరాలు కాదు.

మే 13

పుల్లన్న ఇంటికి ఇవ్వాల్సిన వీడియో ఎడిటింగ్. సలాం పక్కన కూర్చున్నాడు. తాళి పడింది, అక్షతలు అయిపోయాయి. తెర మీద వంగిన తల, దాని మీద పసుపు బియ్యం, చేతికి లావు కంకణం. ఏమీ కదలదు. సన్నాయి మోగుతూనే ఉంది.

సలాం అలవాటుగా మౌస్ మీద చెయ్యి వేసి, "ఈడ ఏం జరగల్యా సామీ, శానాసేపు ఊరికే ఉండాది. కోసేద్దామా?" అన్నాడు. అని, తనే చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

ఇద్దరం ఆ ముక్క మొత్తం చూశాం. కొయ్యలేదు.